నీటి రాకెట్టు నిర్మాణము: తల్లిదండ్రులకు ఒక పాఠము

చంద్రయాన్-3 నౌక 2023 వ సంవత్సరము ఆగస్టు 23 వ తేదీన చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. ఆ దినమును 2024 నుండి మన దేశమున జాతీయ అంతరిక్ష దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ దినము సమీపించినప్పుడెల్ల పాఠశాలలోని పిల్లలు అడుగు ప్రశ్న ఒక్కటే: "మనము కూడ ఒక రాకెట్టును చేయరాదా?" అదే సమయమున తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు మూడు. అది అపాయకరము కాదా? పరీక్షలకు దానివలన ప్రయోజనమేమి? తెలుగున చదువుకొను పిల్లలకు ఇట్టి శాస్త్ర విషయములు పట్టుబడునా? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. రాకెట్టును ఎట్లు ఆలోచించి, ఎట్లు గీచి, ఎట్లు కట్టి, ఎట్లు కొలువవలెనో మొదటినుండి తుదివరకు వివరించినచో ఆ మూడింటికిని సమాధానము దానియందే దొరకునని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. వస్తువును పైకి ఎగురవేయుట అంత కష్టమైన పని కాదు. దానిని తిన్నగా ఎగురవేయుట కష్టము. అది తిన్నగా పోవునో లేదో ఎగురకముందే చెప్పగలుగుట ఇంకను కష్టము. ఈ మూడవదియే శాస్త్రము. మిగిలిన రెండును వినోదము. పిల్లలకు వినోదము కూడ కావలసినదే. కాని పాఠశాల పని వారిని ఆ మూడవ మెట్టువరకు తీసికొనిపోవుట.

తారాజువ్వకు కర్ర ఏల?

దీపావళినాడు తారాజువ్వను చూడని బిడ్డ లేడు. చిన్న కాగితపు గొట్టము, దానికి అంటియున్న పొడవైన సన్నని పుల్ల: ఇంతయే దాని రూపము. ఆ పుల్ల విరిగినచో ఏమగునో పెద్దలందరికిని తెలియును. అది ఆకాశమునకు పోక నేలమీద గిరగిర తిరిగి ఎవరి వాకిటనో దూరును. మందు అదియే, మంట అదియే. పుల్ల ఒక్కటే లోపించినది. కావున రాకెట్టును లేపుటకు ఒకటియు, దానిని దారిలో నిలుపుటకు వేరొకటియు కావలయునని తారాజువ్వయే మనకు చెప్పుచున్నది.

మనము తరతరములుగా నివసించుచున్న ఈ కన్నడ దేశమునకు ఈ విద్య కొత్తది కాదు. 18 వ శతాబ్దమున మైసూరును ఏలిన హైదరలీ, టిప్పు సుల్తానుల సైన్యములలో రాకెట్లను ప్రయోగించు దళములు ఉండెడివి. వారి రాకెట్లకు గొట్టములు కాగితముతోగాక ఇనుముతో చేయబడినవి. ఇనుప గొట్టము లోపలి పీడనమునకు ఎక్కువ ఓర్చుకొనును గావున అవి ఎక్కువ దూరము పోయెడివి. 1780 లో కాంచీపురము సమీపమున జరిగిన పొల్లిలూరు యుద్ధమున ఇవి ఆంగ్ల సైన్యమును కలవరపెట్టినవి. 1799 లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట కొన్ని రాకెట్లు ఇంగ్లండునకు చేరెను. వానిని ఆధారముగా గొని విలియం కాంగ్రీవ్ 19 వ శతాబ్ది ఆరంభమున బ్రిటిషు రాకెట్లను రూపొందించెను. శివమొగ్గ జిల్లా నగర గ్రామమున ఒక పాడుబడిన బావిలో 2018 లో వేయికి పైగా అట్టి ఇనుప రాకెట్లు బయల్పడినవి. బెంగళూరులోని తారామండలపేట అను పేరు ఆ కాలపు రాకెట్ల పనిని నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.

మైసూరు రాకెట్ల చరిత్రను వైమానిక శాస్త్రవేత్త రొద్దం నరసింహగారు 1985 లో ఒక పరిశోధన వ్యాసమున వివరించిరి. ఇంగ్లండున భద్రపరచబడిన రాకెట్లలో ఒకదాని ఇనుప గొట్టము పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. దానికి తోలు పట్టీలతో కట్టిన వెదురు కర్ర పొడవు సుమారు 190 సెంటీమీటర్లు. గొట్టముకంటె కర్ర తొమ్మిది రెట్లకు పైగా పొడవు! యుద్ధభూమికి ఇంత పొడవైన కర్రలను మోసికొనిపోవుట సులభము కాదు. ఐనను వారు ఆ శ్రమకు ఓర్చిరనగా కర్ర లేనిదే రాకెట్టు గురికి పోదని వారు అనుభవమున ఎరుగుదురన్నమాట. ఆ కర్ర చేయు పనినే మన రాకెట్టుకు చిన్న రెక్కలు చేయును. ఆ సంగతి ముందు చెప్పుదుము.

వెనుకకు నెట్టినదే ముందుకు నడుపును

రాకెట్టు నేలను తన్ని లేచునని కొందరును, వెనుకనున్న గాలిని నెట్టి లేచునని కొందరును తలంతురు. రెండును సరికావు. గాలియే లేని అంతరిక్షమున కూడ రాకెట్టు పనిచేయును. సర్ ఐజాక్ న్యూటను 1687 లో ప్రకటించిన మూడవ గమన నియమమే దీనికి మూలము: ప్రతి చర్యకును దానికి సమానమై, వ్యతిరేక దిశలో నుండు ప్రతిచర్య కలదు.

దీనిని బిడ్డకు తెలుపుటకు తుంగభద్రపై తిరుగు పుట్టిని తలచుకొనుడు. పుట్టిలో కూర్చున్నవాడు బరువైన రాతిని వెనుకకు విసరినచో పుట్టి కొంచెము ముందుకు కదలును. రాయి ఎంత బరువైనదో, దానిని ఎంత వేగముగా విసరునో, అంతగా పుట్టి కదలును. గులకరాతిని మెల్లగా విసరినచో కదలిక కంటికి కనబడదు. రాకెట్టు కూడ ఇట్టి పుట్టియే. అది రాళ్లకు బదులుగా వాయువును గాని, ద్రవమును గాని నిరంతరము వెనుకకు విసరుచుండును. ఊదిన బుడగను మూతి కట్టక విడిచినచో అది గదిలో పరుగెత్తుట కూడ ఇందువలననే. ఆ బుడగ తిన్నగా పోక వంకరటింకరగా పోవుట గమనింపదగినది. దానికి బలము కలదు గాని తోక లేదు.

మందు వలదు, నీరు చాలును

ఇక అపాయమును గూర్చిన ప్రశ్న. దీనికి మా సమాధానము స్పష్టము. టపాకాయల మందును విప్పుట, అగ్గిపుల్లల తలలను గీకి గొట్టములో కూరుట, రసాయనములను కలిపి మందు నూరుట మొదలగు పనులు పాఠశాలలోగాని, ఇంటిలోగాని జరుగరాదు. అనుమతి లేక పేలుడు పదార్థములను తయారుచేయుటను 1884 నాటి పేలుడు పదార్థముల చట్టము నిషేధించుచున్నది. చట్టము సంగతి అటుండగా, చేతివ్రేళ్లును కన్నులును ఒకసారి పోయిన మరల రావు.

ఈ ప్రమాదము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. 1957 అక్టోబరు 4 న రష్యా స్పుత్నిక్ ఉపగ్రహమును పంపిన పిమ్మట అమెరికాలో వేలకొలది బాలురు రాకెట్లను చేయ మొదలిడిరి. ఇంటిలో మందు కలిపి గాయపడినవారును కలరు. అంతకు పూర్వమే, 1954 లో, నెబ్రాస్కా రాష్ట్రమున పాదరక్షల దుకాణము నడుపుచున్న ఆర్విల్ కార్లైల్ అనునాయన మార్చుకొనదగిన చిన్న మోటారుగల బొమ్మ రాకెట్టును చేసియుండెను. హ్యారీ స్టైన్ అను రాకెట్టు ఇంజనీరు దానిని ప్రచారమునకు తెచ్చెను. వారి పద్ధతిలో మోటారు కర్మాగారమున సిద్ధమగును. బాలుడు కాగితము, తేలిక కొయ్యలతో శరీరమును మాత్రము నిర్మించును. మందు పని నిపుణులది, ఆలోచన పని బాలునిది అను ఈ విభజన ఎంతో మేలైనది.

మనము ఇంకొక మెట్టు దిగి మందును పూర్తిగా విడిచిపెట్టుదము. సోడా సీసాలో కొంత నీరు పోసి, సైకిలు పంపుతో గాలిని నింపినచో, ఆ గాలి నీటిని వేగముగా వెనుకకు నెట్టును. నిప్పు లేదు, పొగ లేదు. మన పుట్టి ఉపమానములో నీరు రాయి. అణచిన గాలి విసరు చేయి. నీరు లేక గాలి మాత్రమే ఉన్నచో విసరుటకు బరువైన వస్తువు లేదు. నిండుగ నీరే ఉన్నచో విసరు చేయి లేదు. ఈ రెండింటి నడుమ సరియైన పాలు ఎంతయో కనుగొనుటయే పిల్లల మొదటి పరిశోధన.

చేయకముందు గీయుట

పిల్లలు కత్తెర పట్టుటకు త్వరపడుదురు. వారిని ఆపి, ముందు కాగితము పైన పూర్తి కొలతలతో బొమ్మ గీయించవలెను. మేము సూచించు నమూనా ఇది.

శరీరము: 1.25 లీటరుల సోడా సీసా. వ్యాసము సుమారు 9 సెంటీమీటర్లు. గ్యాసుతో కూడిన పానీయముల సీసాయే కావలెను, ఏలన అది పీడనమునకు ఓర్చుకొనునట్లు చేయబడినది. మంచినీటి పలుచని సీసా పనికిరాదు. గాజు సీసాను, లోహపు డబ్బాను తలపెట్టనే రాదు. సీసామూతి క్రిందికిని, అడుగు పైకిని ఉండును.

ముక్కు: సీసా అడుగుపైన దళసరి అట్టతో చుట్టిన గరాటు, దాని కొసన సగమునకు కోసిన మెత్తని రబ్బరు బంతి. బంతిలోపల సుమారు 50 గ్రాముల బంకమన్ను. ముక్కు ఎన్నడును సూదిగా ఉండరాదు. తిన్నగా ఎగిరిన రాకెట్టు ముక్కు క్రిందుగా దిగును గావున అది మెత్తగా ఉండుట అవసరము.

రెక్కలు: మూడు గాని, నాలుగు గాని. పాత ప్లాస్టిక్ ఫైలు అట్టలతో కోయవచ్చును. కాగితపు అట్ట నీటికి తడిసి వంగును. ఒక్కొక్కటి 10 సెంటీమీటర్ల ఎత్తు, 8 సెంటీమీటర్ల వెడల్పు. అన్నియు ఒకే కొలతతో, సీసా చుట్టును సమాన దూరములలో, సీసామూతి వైపున నిలువుగా అంటింపవలెను. ఒకటి వాలియున్నను రాకెట్టు మెలి తిరుగును.

అంటించుటకు గట్టి టేపునే వాడవలెను. కాచిన జిగురు సీసాను మెత్తబరచును. గరుకు కాగితముతో సీసాను రుద్దరాదు. సీసాపైన గీత గాని, నొక్కు గాని, తెల్లని మచ్చ గాని కనబడినచో దానిని విడిచి వేరొకటి తీసికొనవలెను.

రెండు బిందువుల రహస్యము

ఇప్పుడు పాఠములోని ముఖ్య భాగమునకు వచ్చితిమి. ప్రతి రాకెట్టుకును రెండు బిందువులు కలవు. మొదటిది గరిమనాభి. రాకెట్టును ఒక దారముపై అడ్డముగా వ్రేలాడదీసినపుడు ఎచట తూగునో అదియే గరిమనాభి. రెండవది పీడన కేంద్రము. రాకెట్టు కొంచెము పక్కకు ఒరిగినపుడు దానిపై తగులు గాలి తాకిడి మొత్తము ఏ బిందువున పనిచేయునో అదియే పీడన కేంద్రము.

ఎగురుచున్న రాకెట్టు తన గరిమనాభి చుట్టును తిరుగును. పీడన కేంద్రము గరిమనాభికి వెనుక, అనగా తోక వైపున ఉన్నచో, రాకెట్టు ఒరిగిన వెంటనే గాలి తోకను నెట్టి మరల దారికి తెచ్చును. ముందున్నచో గాలి ముక్కును నెట్టి ఇంకను తిప్పివేయును. ఇంటికప్పుపై గాలి దిక్కును తెలుపు కోడి బొమ్మను చూచినవారికి ఇది సులభముగా తెలియును. దాని వెనుక భాగము వెడల్పుగా ఉండుటచేతనే అది ఎల్లప్పుడును గాలికి ఎదురుగా తిరిగి నిలుచును. మైసూరు రాకెట్టు వెదురు కర్ర పొడవుచేత ఈ పనిని సాధించినది. మన రెక్కలు వెడల్పుచేత సాధించును.

ఈ విషయమున పెద్దలే పొరబడిన చరిత్ర కలదు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గొడ్డార్డు 1926 మార్చి 16 న ప్రపంచమున మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్టును ఎగురవేసెను. అది రెండున్నర సెకనులు ఎగిరి, సుమారు 12 మీటర్ల ఎత్తునకు పోయినది. ఆ రాకెట్టులో ఇంజను పైనను, ఇంధనపు తొట్లు క్రిందను ఉండెను. పైనుండి లాగినచో లోలకమువలె క్రింది భాగము తిన్నగా వ్రేలాడునని ఆనాటి తలంపు. కాని ఇంజను రాకెట్టుకు బిగించియున్నపుడు రాకెట్టుతోపాటు అదియు ఒరుగును గావున ఆ ఏర్పాటు రాకెట్టును నిలుపజాలదు. తరువాత గొడ్డార్డు కూడ ఇంజనును క్రిందికి మార్చెను. అంతటి శాస్త్రవేత్త యోచించి మార్చుకొనిన విషయమును మన పిల్లలు ఒక అట్టముక్కతో పరీక్షించి గ్రహింపగలరు.

ఆ పరీక్ష ఇది. రాకెట్టు పక్కనుండి కనబడు రూపమును, రెక్కలతో సహా, సరియైన కొలతలో అట్టపైన గీచి కత్తిరింపవలెను. ఆ అట్టబొమ్మను స్కేలు అంచుపైన నిలిపి, తూగు చోటును గుర్తింపవలెను. అది పీడన కేంద్రమునకు చాలినంత దగ్గరి అంచనా. నిజమైన పీడన కేంద్రము సాధారణముగా ఇంకను కొంచెము వెనుకనే ఉండును గావున ఈ అంచనాను నమ్మినవారు మోసపోరు. గరిమనాభిని నిజమైన రాకెట్టుపైననే, నీరు లేకుండ, చూడవలెను. నీరు సుమారు సెకనులో పదవ వంతులోనే వెడలిపోవును. తరువాతి ప్రయాణమంతయు ఖాళీ రాకెట్టుదే.

రెండు బిందువుల నడుమ దూరము కనీసము సీసా వ్యాసమంత ఉండవలెననునది నిర్మాతలు పాటించు నియమము. ఒక ఉదాహరణము: మొత్తము పొడవు 45 సెంటీమీటర్లుగల రాకెట్టులో ముక్కు కొసనుండి గరిమనాభి 18 సెంటీమీటర్ల దూరమునను, పీడన కేంద్రము 27 సెంటీమీటర్ల దూరమునను ఉన్నవనుకొందము. భేదము 9 సెంటీమీటర్లు. సీసా వ్యాసము కూడ 9 సెంటీమీటర్లే. కావున ఇది ఎగురవేయదగినది. భేదము 4 సెంటీమీటర్లే ఐనచో ఎగురవేయరాదు. అప్పుడు రెండు మార్గములు కలవు: ముక్కున బంకమన్ను పెంచుట, లేక రెక్కలను పెద్దవి చేయుట. మన్ను పెంచినచో బరువు పెరిగి ఎత్తు తగ్గవచ్చును. రెక్కలు పెంచినచో గాలి నిరోధము పెరుగును. రెక్కల బరువు గరిమనాభిని కూడ కొంత వెనుకకు లాగును. దేనిని ఎంత చేయవలెనో బిడ్డయే లెక్క చూచి తేల్చుకొనవలెను. ఒకటి పొందుటకు వేరొకటి కొంత విడువవలెనని తెలిసినప్పుడే బిడ్డ నిజముగా నిర్మాత యగును.

చివరి పరీక్ష: గరిమనాభి వద్ద రెండు మీటర్ల దారమును కట్టి, తలచుట్టును రాకెట్టును తిప్పవలెను. ముక్కు ముందుకు ఉండి తిరిగినచో అది సిద్ధమైనది. తోక ముందుకు వచ్చినను, అడ్డముగా తిరిగినను మరల బల్లవద్దకు పోవలసినదే.

ప్రయోగపు పీట

దళసరి పలకపైన, సీసామూతికి బిగువుగా పట్టు రబ్బరు బిరడాను నిలువుగా బిగింపవలెను. బిరడాకు నడుమ రంధ్రము చేసి, ఒక చిన్న లోహపు గొట్టమును దూర్చవలెను. దానినుండి కనీసము 5 మీటర్ల గట్టి రబ్బరు గొట్టము పంపు వరకు పోవును. పలకపై మూడు నిలువు కడ్డీలు నాటినచో రాకెట్టు మొదటి క్షణమున ఒరుగక లేచును.

ఇచట ఒక విషయమును తల్లిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలెను. అనేకులు సైకిలు టైరు వాల్వును బిరడాలోనే అమర్తురు. అట్లు చేసినచో, బిరడా ఊడక రాకెట్టు నిలిచిపోయినపుడు, పీడనమును తీయుటకు ఎవరో ఒకరు నిండియున్న సీసావద్దకు పోవలసి వచ్చును. అది ప్రమాదము. వాల్వును గొట్టమునకు పంపు వైపు కొసన అమర్చి, దాని ప్రక్కనే ఒక చిన్న కుళాయిని పెట్టవలెను. రాకెట్టు లేవనిచో దూరమునుండియే కుళాయి విప్పిన చాలును. నీరును గాలియు ఆ దారిననే వెలికి వచ్చును. ఒక చిన్న భాగమును ఈ కొసనుండి ఆ కొసకు మార్చుటలో ఒక బిడ్డ కన్ను కాపాడబడునని మరువరాదు.

పంపునకు పీడనమును చూపు ముల్లు ఉండవలెను. చదరపు అంగుళమునకు 30 పౌండ్ల పీడనము వద్ద సీసామూతిలోని బిరడాపై పడు బలము సుమారు 8 కిలోగ్రాముల బరువుతో సమానము. బిరడా పట్టును మించినప్పుడు అది ఊడి రాకెట్టు లేచును. ఆ పీడనమున నీరు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో వెలువడును. ముల్లు 40 ని చేరినను రాకెట్టు లేవకున్నచో పంపుట మాని కుళాయి విప్పవలెను. ఇది మా నియమము. దీనికి మినహాయింపు లేదు.

మిగిలిన నియమములు కొద్దియే. విద్యుత్ తీగలు లేని విశాలమైన మైదానమును ఎన్నుకొనవలెను. చూచువారు కనీసము 15 మీటర్ల దూరమున నిలువవలెను. పంపు కొట్టువారు కన్నులకు అద్దములు ధరింపవలెను. గాలి నింపిన పిమ్మట ఎవరును రాకెట్టుపైకి వంగరాదు. పైకి పోయినదానిని చేతులతో పట్ట ప్రయత్నింపరాదు. ఒక పెద్దవారు లేనిదే పిల్లలు ప్రయోగింపరాదు.

ఎగిరినదానిని కొలుచుట

"చాల ఎత్తు పోయినది" అనుట శాస్త్రము కాదు. ఎంత ఎత్తో చెప్పవలెను. అందుకు కావలసిన పరికరము ఒక కోణమానిని, ఒక దారము, ఒక చిన్న రాయి. కోణమానిని నడిబిందువున రాతిని కట్టిన దారము వ్రేలాడదీసి, దాని సరళమైన అంచు వెంట రాకెట్టు శిఖరమును చూడవలెను. దారము పడిన చోటును బట్టి, చూపు నేలతో చేయు కోణము తెలియును.

పీటనుండి 30 మీటర్ల దూరమున నిలిచిన బిడ్డకు కోణము 40 డిగ్రీలు వచ్చినదనుకొందము. 40 డిగ్రీల టాంజెంటు 0.839. దానిని 30 చే గుణింపగా 25.2 మీటర్లు. బిడ్డ కంటి ఎత్తు 1.2 మీటర్లు కలుపగా రాకెట్టు ఎక్కిన ఎత్తు 26.4 మీటర్లు. త్రికోణమితి ఇంకను చదువని చిన్నతరగతుల వారు 3 మీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున త్రిభుజమును గీచి స్కేలుతో కొలిచినను ఇదే ఫలితము వచ్చును. ఎదురెదురుగా ఇద్దరు కొలిచి సగటు తీసికొనుట మంచిది.

తరువాత పరిశోధన. నీటిని 200, 400, 600, 800 మిల్లీలీటర్లుగా మార్చుచు, ఒక్కొక్క పాలునకు మూడేసి పర్యాయములు ఎగురవేసి, సగటు ఎత్తులను పట్టికలో వ్రాయవలెను. బిరడా ఊడిన క్షణమున ముల్లు చూపిన పీడనమును కూడ వ్రాయవలెను. నీటిని మార్చునప్పుడు రెక్కలను మార్చరాదు. రెక్కలను మార్చునప్పుడు నీటిని మార్చరాదు. ఒక్కసారికి ఒక్కటియే మార్చవలెననునది ఈ విద్యకంతటికిని ప్రాణము. సీసాలో నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు నీరున్నపుడు సాధారణముగా ఎక్కువ ఎత్తు లభించును. కాని ఆ మాటను ముందే పిల్లలకు చెప్పవలదు. పట్టిక వారికి చెప్పుటయే మేలు.

పరీక్షలును, భాషయును

న్యూటను నియమములు, పీడనము, గరిమనాభి, టాంజెంటు, సగటు: ఇవి అన్నియు ఉన్నత పాఠశాల పాఠ్య పుస్తకములలో ఉన్నవే. పుస్తకములో అవి ఐదు వేరువేరు అధ్యాయములు; మైదానములో అవి ఒక్క సీసాలో కలిసియున్నవి. ఒకసారి చేతితో కలిపినదానిని బిడ్డ పరీక్షలో విడదీసి వ్రాయగలడు. కావున ఈ పని పరీక్షలకు అడ్డురాదు.

ఇక తెలుగు సంగతి. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పై చదువులలో ఆంగ్లము. ఈ మూడింటి నడుమ బిడ్డ నలిగిపోవునేమో అని తల్లిదండ్రులు భయపడుట మేమెరుగుదుము. రాకెట్టు ఏల వంకరగా పోయినదో బిడ్డ వివరింపవలసిన క్షణమున అతనికి కావలసినవి అలంకారములు కావు. "అందుచేత", "కాని", "ఐనచో" అను చిన్న మాటలు. "గరిమనాభి వెనుకకు జరిగినది, అందుచేత ముక్కు తిరిగినది" అని కారణమును కార్యముతో ముడివేయు శక్తి ఇంటిభాషలో మొదట పుట్టును. ఆ ముడి పడిన పిమ్మట మాటలు మార్చుట కష్టము కాదు. పీడనమును కన్నడమున "ఒత్తడ" అనియు, ఆంగ్లమున "ప్రెషరు" అనియు అందురని అదే దినమున, అదే సీసాను చూపి చెప్పవచ్చును. మూడు పేర్లును ఒక్క సీసాకే అంటుకొనును. భావము లేక మూడు భాషలలో పదములు నేర్చిన బిడ్డకు మూడింటిలోను ఏమియు తెలియదు. అందుచేత పిల్లలు తమ ప్రయోగ వివరమును ముందు తెలుగున వ్రాసి, దాని చివర ముఖ్య పదములను మూడు భాషలలో పట్టికగా చేర్చుట మంచిదని మా అభిప్రాయము.

తల్లిదండ్రులకు మనవి

మీరు ఇంజనీర్లు కానవసరము లేదు. సోడా సీసా, పాత ఫైలు అట్ట, రబ్బరు బంతి దొరికినప్పుడు పారవేయక దాచి ఇచ్చిన చాలును. సైకిలు దుకాణము నడుపువారు వాల్వు అమర్చుటలోను, వడ్రంగి పని తెలిసినవారు పీట చేయుటలోను తోడ్పడినచో అదియే గొప్ప విద్యాదానము. తమ తండ్రి చేతిపనికి శాస్త్రములో స్థానము కలదని తెలిసికొనుట కూడ బిడ్డకు ఒక పాఠమే.

బిడ్డ ఇంటికి వచ్చినపుడు "ఎంత ఎత్తు పోయినది?" అని మాత్రమే అడుగక, ఈ ప్రశ్నలను కూడ అడుగుడు. గరిమనాభి ఎచట ఉన్నది? ఎట్లు కనుగొంటివి? రెక్కలు చిన్నవైనచో ఏమగును? నీరు ఎక్కువైనచో ఎత్తు ఏల తగ్గును? రేపు ఏమి మార్చెదవు, ఏమి మార్చవు? సమాధానము తప్పైనను కోపింపవలదు. కారణము చెప్పుచున్నాడా లేదా అని మాత్రము చూడుడు. రాకెట్టు వంకరగా పోయినను కారణము తిన్నగా చెప్పిన బిడ్డ ఆనాటి పాఠమును నేర్చినట్లే.

1963 నవంబరు 21 న కేరళలోని తుంబా గ్రామమునుండి మన దేశపు నేలపైనుండి మొదటి పరిశోధక రాకెట్టు లేచినది. 1971 అక్టోబరులో శ్రీహరికోటనుండి ఒక చిన్న రోహిణి రాకెట్టు ఎగిరినది. 1979 ఆగస్టు 10 న అచటినుండి పంపిన ఎస్.ఎల్.వి.-3 విఫలమైనది. కారణమును వెదకి సరిదిద్దిన పిమ్మట 1980 జులై 18 న అదే రకపు రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో చేర్చినది. చంద్రయాన్-3 లేచినదియు ఆ తెలుగు నేలపైనుండియే. మన సీసా రాకెట్టుకును వానికిని పోలిక పరిమాణములో లేదు. ముందు లెక్క చూచుట, ఎగురవేయుట, కొలుచుట, తప్పిన కారణమును వెదకి మరల లెక్క చూచుట అను పద్ధతిలో మాత్రము భేదము లేదు. ఆ పద్ధతిని మన పిల్లలు తమ మాతృభాషలో, తమ చేతులతో, తమ తల్లిదండ్రుల కన్నుల యెదుట నేర్చుకొందురు గాక అని ఆశించుచు, ఇందుకు మీ సహకారమును కోరుచున్నాము.